సొంత వాక్యం

ఆరో తరగతి తెలుగు వాచకం, ముప్పయ్యారో పేజీ.
"కింది పదాలకు అర్థాలు రాసి
సొంతవాక్యాలలో ప్రయోగించండి."
మూడో పదం, అనుకరణ.

పెన్సిలు కొరుకుతా అడిగింది లిఖిత,
"ఏంది నాయనా ఇది?"
ఒకర్ని చూసి ఇంకొకరు అట్లే చెయ్యడం, అన్నా.
"ఎక్కిరించడమా?"
కాదు. ఎక్కిరింతలో నవ్వుండాది,
దీంట్లో నవ్వుండాల్సిన పని లేదు.
"నకిలీనా?"
కాదమ్మా. చిత్తూరు కలెక్టరాఫీసులో
ముద్ర గుద్ది ఇచ్చేది నకలు.
దానికి రెండు అక్షరాల మీద చెయ్యి జారితే నకిలీ,
కేసు పెడతారు.
"మరేంది?"

మన దామలచెరువులో దానికి ఒకటే మాట.
దించడం.

ఆ మాట వాచకంలో లేదు,
మామిడికాయల మండీలో ఉండాది.
నడిజాము రాత్రి కృష్ణగిరి లారీ
వెనక్కి వెనక్కి వచ్చి ఆగితే
అరవ డ్రైవరు "ఇరక్కు" అని అరుస్తాడు,
మేస్త్రీ "దించండ్రా" అంటాడు.
మా నాయన దొరసామి
తువ్వాలు చుట్ట చుట్టి ఎడం భుజాన పెట్టుకోని
తోతాపురి క్రేట్లు దించేవాడు.
ఆయన వచ్చే పొద్దుకి అమ్మ
పొయ్యి మీంచి సంగటి కుండ దించేది.
అప్పటికి నాకు ఆ మాటంటే బరువే.

పదో తరగతి ఆరునెల్ల పరీక్షలో
అది తేలికైపోయింది.
ముందు బెంచీ ఢిల్లీబాబు భుజం మీంచి
లెక్కలన్నీ మక్కీకి మక్కీ దించినా.
కొట్టివేతల్ని గూడా దించినా.
ఆ ఊపులో
పైన వాడి పేరు గూడా.

పరంధామం అయివారు రెండు పేపర్లూ ఎత్తి పట్టుకోని
"ఈ బడిలో ఢిల్లీబాబులు ఇద్దరు ఎప్పుట్నించి?" అన్నాడు.
తల దించినా.
చూడు, ఆడ గూడా ఆ మాటే.

నాయన కొడతాడనుకున్నా. కొట్టలా.
మండీ నుంచి వచ్చి, మంచం పట్టె మీద కూసోని,
చెమట వాసనతో అడిగినాడు:
"ఇంగొకడు మోసింది నువ్వు దించితే
కూలి ఎవురికి ఇస్తార్రా?"
నాకు జవాబు తెలియలా.
ఢిల్లీబాబుకి గూడా తెలిసుండదు.

ఆయనది ఒకే ఒక్క ఫోటో.
తిరపతిలో, ఏడుకొండలు గీసిన గుడ్డ ముందర
స్టూడియో ఆయన దించింది.
"కొంచెం నిటారుగా, పెద్దాయనా" అని
మూడు మాట్లు వచ్చి సరిచేసి పోయినాడంట.
ఫోటోలో కొండలు సరిగ్గానే ఉండాయి.

నాకు మీసాలొచ్చినాక
మండీలో ముసిలోళ్ళు నడిచేటోణ్ణి ఆపి
"దొరసామిని దించేసినాడే" అనేవాళ్ళు.
ముక్కు చూసి అన్నారేమో అనుకున్నా.

ఆయన పోయిన దినం
దోవ నడుమ పాడె దించి
చెవిలో మూడు మాట్లు పేరు పిలవమన్నారు.
నేను నాయనా అనే అన్నా.
బతుకంతా దించినాయన్ని
నలుగురం కలిసి దించినాం,
భుజం మీద ఆయన
క్రేటంత గూడా లేడు.

ఇదంతా లిఖిత వినలేదు.
సగంలోనే రాయను మొదులుపెట్టింది.
నేను పాకాల పోస్టాఫీసులో గుమాస్తాని,
రిజిస్టరు పార్సిళ్ళు తప్ప
ఇంత బరువు ఎత్తిన పాపాన పోలేదు.
నోటుబుక్కు లాక్కోని చూసినా.

అనుకరణ = దించడం.
సొంత వాక్యం: మా నాయన ఎడమ భుజం దించి నడుస్తాడు, మూట లేకపోయినా.

"తప్పు" అన్నా. గొంతు కొంచెం తేడాగా వచ్చింది.
"అనుకరణ అనే మాటే రాలేదే ఇందులో."

"వచ్చింది" అనింది,
నాలుగో పదం మీదికి పోతా,
తల ఎత్తకుండా.